అక్కకు కుదిరిన పత్యం నాకెందుకు కుదరలేదు?

గాజువాక నుంచి 43 ఏళ్ళ పాఠకురాలు ఒకరు రాసిన సుదీర్ఘమైన ఉత్తరానికి ఇది సారాంశం. ఆమె ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయురాలు. భర్తది స్టీల్‌ప్లాంటులో షిఫ్టు ఉద్యోగం. ఇంట్లో అత్తగారు, ఇంటర్ చదివే కూతురు ఉన్నారు. మూడేళ్ళ కిందట చేతివేళ్ళ కణుపులు వాచిపోయి, పొద్దున లేచాక గంటకు పైగా పిడికిలి బిగించలేని స్థితి వస్తే, పరీక్షలు చేసి రుమటాయిడ్ ఆర్థరైటిస్ (రోగనిరోధక వ్యవస్థే సొంత కీళ్ళ మీద తిరగబడే కీళ్ళవాతం) అని తేల్చారు. వారానికి ఒక్కరోజు మెథోట్రెక్సేట్ మాత్రలు, దానికి తోడు ఫోలిక్ యాసిడ్ వాడగా ఏడాది తిరగకుండానే నొప్పులు చాలావరకు సర్దుకున్నాయి. అయితే శనివారం రాత్రి మాత్ర వేసుకుంటే ఆదివారమంతా వికారంతో, నీరసంతో మంచం మీదే గడిచేది, కడుపుబ్బరం సరేసరి. తిండిలో ఏమైనా మార్చుకోవాలా అని అడిగితే, "తిండికీ దీనికీ సంబంధం లేదమ్మా, మందు మాత్రం మానకండి" అని చెప్పి డాక్టరు గారు తర్వాతి రోగిని పిలిచారట.

అదే సమయంలో శ్రీకాకుళంలో ఉండే ఆమె అక్క షుగరు జబ్బు కోసం ఒక "పేగుల శుద్ధి" కార్యక్రమంలో చేరి, అన్నం మానేసి, బరువు తగ్గి, మాత్రలు సగానికి తగ్గించుకున్నారు. జబ్బులన్నిటికీ మూలం పేగుల్లోనే ఉందని, లోపలి ఇన్‌ఫ్లమేషన్ (వాపు, మంట) పోతే ఏ మందూ అక్కరలేదని ఆ నిర్వాహకులు చెప్పగా, అక్క ప్రోద్బలంతో ఈమె కూడా రుసుములో సగం కట్టి చేరారు. అన్నం, గోధుమ, పప్పులు, పాలు, పెరుగు, వంకాయ, టమాటా, బంగాళాదుంప, చింతపండు, చేప, గుడ్డు అన్నీ మాన్పించి, కూరగాయల రసాలు, ఉడికించిన కూరలు, తాము పంపే రెండు రకాల పొడులు వాడమన్నారు. వాళ్ళ మాట మీద ఆమె మెథోట్రెక్సేట్ కూడా ఆపేశారు. మొదటి నెల ఎంతో హాయిగా గడిచిందట. ఇప్పుడు నాలుగో నెల. 8 కిలోల బరువు తగ్గారు, పొద్దుటి బిగుతు తిరిగి వచ్చింది, కుడి మణికట్టు వాచి చాక్‌పీసు పట్టుకోవడం కష్టంగా ఉంది. ఇది విషాలు బయటికి పోతున్న లక్షణమని నిర్వాహకులు అంటున్నారు. ఆమె ఎవరికీ చెప్పకుండా మెడికల్ షాపులో నొప్పి మాత్రలు కొని వేసుకుంటున్నారు. మందు ఆపిన సంగతి భర్తకు తెలియదు. వేరుగా వండుకోవడం చూసి అత్తగారు, "నా చేతి వంట విషమైపోయిందా" అని నొచ్చుకున్నారు. "ఇద్దరిలో ఎవరి మాట నిజం? అక్కకు తగ్గింది నాకెందుకు తగ్గలేదు? తిట్టించుకోవడానికి మళ్ళీ ఆ డాక్టరు దగ్గరికి వెళ్ళనా? కట్టవలసిన మిగతా సొమ్ము కట్టనా?" ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మా, మీ ప్రశ్నలన్నిటికీ జవాబు చెబుతాను గానీ, ఆలస్యం చేయకూడని సంగతి ఒకటి ముందు చెప్పాలి. మణికట్టు వాచి, పొద్దుటి బిగుతు మళ్ళీ వచ్చిందంటే జబ్బు తిరగబెట్టిందనే అనుకోవాలి. విషాలు కీళ్ళ వాపు రూపంలో బయటికి పోవడమనేది శరీరంలో జరిగే పని కాదు. ఈ వారంలోనే రుమటాలజిస్టును, అంటే కీళ్ళవాతం నిపుణులను కలవండి. పాత డాక్టరు గారి ముందుకు వెళ్ళడానికి మొహమాటమైతే మరొకరిని కలవండి, కానీ వెళ్ళండి. ఈలోగా ఇంట్లో మిగిలిన పాత మాత్రలు తీసి మీ అంతట మీరు మళ్ళీ మొదలుపెట్టవద్దు. నాలుగు నెలలుగా మీరు సరిగా తినలేదు, బరువు తగ్గారు, ఏమేం కలిపారో తెలియని పొడులు తాగారు, పైగా నొప్పి మాత్రలు వేసుకున్నారు. రక్తకణాలు, కాలేయం, మూత్రపిండాలు ఎలా ఉన్నాయో పరీక్షించకుండా మెథోట్రెక్సేట్ వేసుకోవడం ప్రమాదం. అది వారానికి ఒక్కసారే వేసుకునే మందని మీకు తెలుసు. ఇంట్లో మీకు మందులు అందించేవారికి కూడా ఆ సంగతి తెలియాలి, ఎందుకంటే పొరపాటున రోజూ వేసుకుని ప్రాణాల మీదికి తెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు.

ఇక ఎవరి మాట నిజమన్న ప్రశ్న. సంబంధమే లేదని ఒకరన్నారు, అంతా అక్కడే ఉందని మరొకరన్నారు. పేగులకూ కీళ్ళకూ సంబంధం ఉంది, అది కట్టుకథ కాదు. మన పెద్దపేగులో ఉండే సూక్ష్మజీవుల సంఖ్య మన శరీర కణాల సంఖ్యకు దాదాపు సమానం. వాటికీ మన రక్తానికీ మధ్య ఉన్నది ఒకే ఒక్క వరస కణాల గోడ, దాని మీద జిగురు పొర. ఆ గోడను ఆనుకునే మన రోగనిరోధక వ్యవస్థలో పెద్ద భాగం కాపు కాస్తుంటుంది. మనం తినే కూరల్లో, పప్పుల్లో, పొట్టు తీయని ధాన్యాల్లో మనకు అరగని పీచును ఆ సూక్ష్మజీవులు పులియబెట్టి, బ్యూటిరేట్ వంటి చిన్న కొవ్వు ఆమ్లాలుగా మారుస్తాయి. పేగు గోడ కణాలకు ముఖ్యమైన ఆహారం అదే. నిరోధక కణాలు అతిగా రెచ్చిపోకుండా అదుపు చేసే కణాలను పెంచేదీ అదే. మీ జబ్బు విషయానికి వస్తే, అప్పుడే జబ్బు బయటపడి ఇంకా మందు మొదలుపెట్టని రోగుల పేగుల్లో ప్రివొటెల్లా కోప్రీ అనే సూక్ష్మజీవి ఎక్కువగా ఉందని 2013లో అమెరికా పరిశోధకులు చూపించారు. చిగుళ్ళ జబ్బు తెచ్చే మరొక సూక్ష్మజీవి మన ప్రొటీన్ల రూపాన్ని మార్చగలదు. మీకు చేసిన యాంటీ సీసీపీ పరీక్ష సరిగ్గా అలా రూపం మారిన ప్రొటీన్లకు ఎదురుతిరిగే యాంటీబాడీల కోసమే. అందుకే ఆహారం సంగతి అడగడంలో మీ తప్పేమీ లేదు. అడిగినప్పుడు రెండు నిమిషాలు కూర్చోబెట్టి చెప్పి ఉంటే మీరు ఇంత దూరం వెళ్ళేవారు కాదేమో అనిపిస్తుంది.

అయితే జబ్బు ఎక్కడ మొదలైందన్నది ఒక ప్రశ్న, మొదలయ్యాక ఎక్కడ నడుస్తోందన్నది వేరే ప్రశ్న. మీ జబ్బులో యాంటీబాడీలు కీళ్ళు నొప్పి పుట్టడానికి కొన్నేళ్ళ ముందే చాలామంది రక్తంలో కనిపిస్తాయి. నొప్పి తెలిసే సమయానికే నిరోధక కణాలు తమ సొంత కీలు పొరను శత్రువుగా గుర్తుపెట్టుకుని, అక్కడే స్థిరపడి, ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుంటూ ఉంటాయి. ఆ తర్వాత పేగుల పరిస్థితి మెరుగుపడితే వాటికి అందే ప్రేరణ కొంత తగ్గవచ్చు గానీ, అవి నేర్చుకున్నది మరిచిపోవు. "మూలం పేగుల్లో ఉంది కాబట్టి పేగులు బాగుచేస్తే చాలు" అనే వాదం ఇక్కడే తప్పుదారి పట్టింది. వాళ్ళు మీకు చెప్పిన మొదటి సగంలో కొంత నిజం ఉండబట్టే రెండో సగాన్ని మీరు నమ్మారు.

మీ అక్కగారి సంగతి ఇప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది. ఆహారానికి అన్ని జబ్బుల్లోనూ ఒకే వాటా లేదు. గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బులో ఆహారమే పూర్తి చికిత్స. విల్లెమ్ డికె అనే డచ్చి పిల్లల వైద్యుడు 1940లలో ఆ సంగతి పట్టుకున్నప్పటి నుంచి నేటి వరకు దానికి అంతకన్నా మంచి మందు రాలేదు. క్రోన్స్ అనే పేగుల వాపు జబ్బులో పిల్లలకు కొన్ని వారాలు కేవలం ద్రవ పోషకాహారం ఇచ్చి జబ్బును అణచగలుగుతున్నారు. రక్తపోటు ఉన్నవాళ్ళు కూరలు, పండ్లు, తక్కువ కొవ్వున్న పాల పదార్థాలు ఎక్కువగా తింటే పై అంకె సగటున 11 దాకా తగ్గిందని 1997లో అమెరికాలో చేసిన డాష్ పరిశోధనలో తేలింది. అక్కగారికి ఉన్న రెండో రకం షుగరులో కూడా ఆహారం వాటా పెద్దది. బ్రిటన్‌లో జరిగిన డైరెక్ట్ అనే పరిశోధనలో, జబ్బు వచ్చి ఆరేళ్ళు దాటనివాళ్ళు కొన్ని నెలలు చాలా తక్కువ కేలరీల ఆహారం తీసుకుని బరువు తగ్గితే, ఏడాది తర్వాత 46 శాతం మందికి మందులు లేకుండానే చక్కెర అదుపులో ఉంది. కాలేయంలో, పాంక్రియాస్‌లో పేరుకున్న కొవ్వు కరగడం దానికి కారణం. అంటే అక్కగారికి తగ్గడం నిజమే, అది పేగుల శుద్ధి మహిమ కాదు, బరువు తగ్గిన ఫలితం. (ఆవిడ మాత్రల మోతాదును తనంతట తాను తగ్గించుకుని ఉంటే, ఒకసారి డాక్టరుకు చెప్పి రక్తంలో చక్కెర మూడు నెలల సగటు చూపే పరీక్ష చేయించుకోమనండి.) మీ జబ్బులో ఆహారం వాటా ఉంది, కానీ చిన్నది, మందుకు తోడుగా ఉండేది. ఒకే తల్లి పిల్లలైనా జబ్బులు వేరైనప్పుడు ఒకే పత్యం ఇద్దరికీ ఒకేలా పనిచేయదు.

"మరి మొదటి నెల హాయిగా ఎందుకుంది?" అని మీరు తప్పకుండా అడుగుతారు. నాకు తోచినంతవరకు దానికి రెండు కారణాలున్నాయి. మెథోట్రెక్సేట్ ఎక్కడం ఎలా ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుందో, దిగడం కూడా అలాగే కొన్ని వారాలు పడుతుంది. పొయ్యి ఆర్పాక కూడా గిన్నెలో కూర కాసేపు ఉడుకుతున్నట్టే మీరు ఆపిన మందు మొదటి నెలంతా పనిచేస్తూనే ఉంది. ఆదివారపు వికారం పోయింది, మందు గుణం మాత్రం మిగిలింది. ఆ హాయి లెక్క మొత్తం పత్యం ఖాతాలో పడింది. ఇక రెండోది, తిండి బాగా తగ్గించినప్పుడు ఈ జబ్బులో నొప్పులు నిజంగానే కొంత తగ్గుతాయి. నార్వేలో 53 మంది రోగులతో చేసి 1991లో ప్రచురించిన పరిశోధనలో, వారం పది రోజుల ఉపవాసం తర్వాత శాకాహారానికి మారినవాళ్ళకు నొప్పులు, వాపులు తగ్గి, ఏడాది వరకు కొంత మేలు నిలిచింది. ఆ పరిశోధన పేరు చెప్పి మందులు మానమనేవాళ్ళు చాలామంది ఉన్నారు. అది చిన్న పరిశోధన, వైద్యుల పర్యవేక్షణలో జరిగింది. అందులో మేలు కనబడినంత మాత్రాన కీలు ఎముక అరుగుదల ఆగిందని అర్థం కాదు. నొప్పి తగ్గడం వేరు, ఎముక కొరుక్కుపోవడం ఆగడం వేరు. ఈ రెండూ ఒకటేననుకోవడమే ఈ జబ్బులో ఎక్కువ నష్టం తెస్తుంది, ఎందుకంటే ఒకసారి అరిగిన మణికట్టు ఏ మందుతోనూ, ఏ ఆహారంతోనూ మళ్ళీ మొదటిలా కాదు.

మీరు "ఆ విషపు మాత్ర" అని రాశారు. ఆదివారాలన్నీ మంచం పాలైనవాళ్ళకు అలా అనిపించడం సహజమే. కానీ ఆ మాత్ర కథ మనకు దగ్గరిది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో నడిపిన బృందమే ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారు చేసింది. దానికి విరుగుడుగా పనిచేసే పదార్థాలను కూడా అక్కడే తయారు చేశారు, వాటిలో ఒకటి తర్వాత మెథోట్రెక్సేట్‌గా పేరు పొందింది. మీరు శనివారం వేసుకునే మాత్రా, దాని దుష్ఫలితాలు తగ్గించడానికి వేసుకునే మాత్రా రెండూ ఆ ఒక్క బృందం పనిలోంచే వచ్చాయి. మొదట రక్త క్యాన్సరు పిల్లలకు ఇచ్చిన ఆ రకం మందును చాలా చిన్న మోతాదులో కీళ్ళ జబ్బుకు వాడవచ్చని తర్వాత తెలిసింది. అమెరికా ప్రభుత్వం 1988లో దానికి అనుమతి ఇచ్చింది. మీరు వాడే మోతాదు క్యాన్సరుకు ఇచ్చే మోతాదుతో పోలిస్తే ఎంతో తక్కువ.

మాన్పించిన పదార్థాల గురించి రెండు మాటలు. వంకాయ, టమాటా, బంగాళాదుంప కీళ్ళవాతాన్ని పెంచుతాయన్న నమ్మకం మన ఇళ్ళలోనూ ఉంది, విదేశాల్లోనూ ఉంది. దానికి నమ్మదగిన రుజువు లేదు. ఏదైనా ఒక కూర తిన్న ప్రతిసారీ మీకు నొప్పి పెరుగుతోందనిపిస్తే, ఆ ఒక్కదాన్ని మూడు వారాలు ఆపి, తిరిగి తిని చూసి, తేడా ఉంటే మానేయండి. కానీ పప్పు, పెరుగు, చేప, గుడ్డు అన్నీ ఒకేసారి తీసేయడం మాత్రం మీకు చేటు చేసింది. ఈ జబ్బు దానంతట అదే కండను, ఎముకను తినేస్తుంది. బహిష్టులు ఆగే వయసు దగ్గర పడుతున్న స్త్రీకి ప్రొటీను, కాల్షియం అందకపోతే ఆ నష్టం రెట్టింపవుతుంది. మీరు కోల్పోయిన 8 కిలోల్లో కొవ్వెంతో కండెంతో ఇప్పుడు చెప్పలేం. విచిత్రమేమిటంటే, పేగు సూక్ష్మజీవులకు బాగా ఇష్టమైన పీచు పప్పుల్లోనే ఎక్కువ. పేగుల కోసమని మాన్పించినవాటిలో పేగులకు మేలు చేసేవే ఎక్కువగా ఉన్నాయి.

పొడుల విషయంలో నాకు నిజంగా ఆందోళనగా ఉంది. పొట్లం మీద పదార్థాల జాబితా లేదని రాశారు. కీళ్ళ నొప్పులకు అమ్మే పేరులేని పొడుల్లో స్టెరాయిడ్లు, నొప్పి మందులు కలిసి ఉండడం మన దేశంలో పదేపదే బయటపడిన సంగతే. తిప్పతీగ ఉందేమో అడగండి. అది వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్నదని 2021లో ముంబయి వైద్యులు ప్రచురించారు, నిరోధక వ్యవస్థను ప్రేరేపిస్తుందని పేరున్న వస్తువు నిరోధక వ్యవస్థే ఎదురుతిరిగిన జబ్బులో కోరి వేసుకోవలసినది కాదు. పసుపు సారాన్ని మిరియాల సారంతో కలిపి గొట్టం మాత్రలుగా వాడినవాళ్ళలో కూడా కాలేయం దెబ్బతిన్న కేసులు ఉన్నాయి. కూరలో వేసే పసుపుకు ఆ భయం లేదు. ఆ పొట్లాలు పారేయకుండా డాక్టరుకు చూపించండి. ఒకవేళ వాటిలో స్టెరాయిడ్ ఉందేమోనని అనుమానం వస్తే, ఎలా ఆపాలో కూడా ఆయనే చెప్పాలి. నొప్పి మాత్రలను కూడా దాచవద్దు. పేగు గోడను బలహీనపరిచే వస్తువు ఏదని నన్నడిగితే ముందుగా చెప్పేది ఆ మాత్రల పేరే: అవి కడుపులో పుళ్ళు చేస్తాయి, చిన్నపేగు గోడను కూడా గాయపరుస్తాయి, మూత్రపిండాలకు భారమవుతాయి.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం. ఒకటి, ఇప్పుడున్న పద్ధతినే మరికొన్నాళ్ళు కొనసాగించడం. నిర్ణయం మీదే, కానీ దాని ఫలితం తెలిసి తీసుకోవాలి: వాపు ఉన్నంత కాలం ఎముక అరుగుతూనే ఉంటుంది, ఈ జబ్బు అదుపులో లేనివాళ్ళకు గుండెజబ్బు ముప్పు కూడా మామూలువాళ్ళకన్నా ఎక్కువ. అలా కొనసాగించదలిస్తే కనీసం ఒంట్లో వాపు ఎంతుందో చూపే సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్ రక్తపరీక్షలు, చేతి ఎక్స్‌రే ఇప్పుడే చేయించి దగ్గర పెట్టుకోండి. మూడు నెలల తర్వాత నమ్మకాన్ని కాకుండా అంకెలను పోల్చుకోవచ్చు. వాపు స్పష్టంగా కనిపిస్తున్న మీ విషయంలో నేను ఈ దారిని సమర్థించలేను.

మళ్ళీ మెథోట్రెక్సేట్‌కు వెళ్ళడం రెండో దారి, అయితే పాత పద్ధతిలోనే కాదు. ఆదివారపు వికారాన్ని భరించి తీరాలన్న నియమమేమీ లేదు. ఫోలిక్ యాసిడ్ మోతాదు పెంచడం, ఆ రోజు మాత్రలను ఉదయం సాయంత్రం అని విడగొట్టడం, మాత్రలకు బదులు చర్మం కింద ఇచ్చే ఇంజెక్షన్‌కు మారడం, వీటిలో ఏదో ఒకటి చాలామందికి పనిచేస్తుంది. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే ఈ ఇబ్బందిని మీరు డాక్టరుకు గట్టిగా చెప్పినట్టు లేదు. తిండి గురించి అడిగారు గానీ వికారం గురించి అడగలేదు. అసలు మీరు మందు మానడానికి కారణం అదే అయినప్పుడు మొట్టమొదట చెప్పవలసిందీ అదే.

మెథోట్రెక్సేట్ ససేమిరా వద్దనుకుంటే మూడో దారి వేరే మందు. సల్ఫాసలజీన్, హైడ్రాక్సీక్లోరోక్విన్, లెఫ్లునొమైడ్ ఉన్నాయి. ఒక్కోదానికి ఒక్కో ఇబ్బంది, ఒక్కో పరీక్ష. వీటిలో సల్ఫాసలజీన్ ముచ్చట మీకు నచ్చుతుంది. స్వీడన్‌కు చెందిన నన్నా స్వార్ట్స్ అనే వైద్యురాలు, కీళ్ళవాతానికి సూక్ష్మజీవులే కారణమన్న ఆలోచనతో దాన్ని రూపొందింపజేశారు. ఆ మందు పెద్దపేగులోని సూక్ష్మజీవులు విడగొడితేనే పనిచేస్తుంది. మందూ పేగూ పరస్పరం శత్రువులని మీకు నేర్పినవాళ్ళకు ఈ ఒక్క ఉదాహరణ చాలు. అయితే మీ జబ్బు తీవ్రతకు ఇది సరిపోతుందో లేదో పరీక్షలు చూసి డాక్టరే తేల్చాలి.

మందులు శాశ్వతంగా వాడాలా అన్న మీ భయానికి కూడా దారి ఉంది. జబ్బు ఆరు నెలలకు పైగా పూర్తిగా అణిగి ఉంటే, డాక్టరు పర్యవేక్షణలో మోతాదు నెమ్మదిగా తగ్గించి చూడవచ్చు. అందులోనూ ముప్పు లేకపోలేదు: నార్వేలోనే చేసి 2021లో ప్రచురించిన పరిశోధనలో, జబ్బు బాగా అణిగినవాళ్ళలో మందు సగానికి తగ్గించినవారిలో 25 శాతం మందికి ఏడాదిలో జబ్బు తిరగబెట్టింది, తగ్గించనివారిలో 6 శాతం మందికే. అంటే సగానికి తగ్గించినా ముప్పావు వంతు మంది బాగానే ఉన్నారు, కానీ మీరు చేసినట్టు ఒక్కసారిగా పూర్తిగా ఆపడం అందులో లేదు. మీరు ఆ దశకు చేరాలంటే ముందు ఇప్పుడు రేగిన మంట చల్లారాలి.

ఈ దారుల్లో దేన్ని పట్టుకున్నా ఆహారం విషయంలో చేసుకోదగినవి ఉన్నాయి, వాటికి వేరే పొయ్యి అక్కరలేదు. అన్నం పూర్తిగా మానకుండా తగ్గించి, ఆ ఖాళీలో పప్పు, కూర పెంచండి. రైతు బజారులో దొరికే తోటకూర, బచ్చలి, గోంగూర, చిక్కుళ్ళు, బొబ్బర్లు, ఉలవలు ఏ ఖరీదైన పొడికన్నా ఎక్కువ రకాల పీచు ఇస్తాయి. నాలుగు నెలలు పప్పు మానేశారు కాబట్టి ఒక్కసారిగా మొదలుపెడితే ఉబ్బరం వస్తుంది. మొదట పెసరపప్పు కొద్దిగా, తర్వాత మిగతావి. మన ఉత్తరాంధ్ర చోడి (రాగి) అంబలి మంచి ఆహారం, 100 గ్రాముల చోళ్ళలో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. ఇంట్లో తోడేసిన పెరుగు, మజ్జిగ, చద్దన్నం తిరిగి తెచ్చుకోండి. పులిసిన ఆహారాలు రోజూ ఎక్కువగా తిన్న ఆరోగ్యవంతుల పేగుల్లో సూక్ష్మజీవుల రకాలు పెరిగి, రక్తంలో ఇన్‌ఫ్లమేషన్‌ను సూచించే 19 ప్రొటీన్లు తగ్గాయని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు 2021లో ప్రచురించారు. 36 మందితో పది వారాలు చేసిన చిన్న పరిశోధన అది, కీళ్ళవాతం రోగుల మీద చేసినది కాదు, అయినా మీ అత్తగారి పెరుగు మానేయమనడానికి మాత్రం దానిలో ఏ ఆధారమూ లేదు. తరవాణి (పులియబెట్టిన గంజి) అలవాటుంటే శుభ్రమైన నీళ్ళతో, కుండ రోజూ కడిగి వాడండి, ఎందుకంటే మీ మందులు ఇన్‌ఫెక్షన్లను తట్టుకునే శక్తిని కొంత తగ్గిస్తాయి.

చేప తినే ఇల్లు కాబట్టి విశాఖలో ఉన్నందుకు మీకొక సౌకర్యం ఉంది. వంజరం, చందువ ఖరీదు చూసి వెనకాడనక్కరలేదు. చవకగా దొరికే కానాగంతలు, కవళ్ళు వంటి చేపల్లోనే ఒమేగా 3 నూనె ఎక్కువ. పులుసు పెట్టండి, వేపుడు వద్దు. ఈ జబ్బులో నొప్పి మాత్రల అవసరం తగ్గించినట్టు తేలిన ఒమేగా 3 మోతాదు రోజుకు 3 గ్రాముల దాకా ఉంటుంది, వారానికి రెండుసార్లు చేప తింటే అంత రాదు. కాబట్టి దీన్ని మంచి తిండిగా చూడండి, మందుగా కాదు. చేప నూనె గొట్టం మాత్రలు వాడాలనుకుంటే డాక్టరును అడిగి వాడండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉన్నప్పుడు ఎండు చేపల మీద పడకండి, వాటిలో ఉప్పు చాలా ఎక్కువ. రోజు మొత్తం మీద 5 గ్రాములకు మించి ఉప్పు వద్దని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. ఊరగాయ కూడా ఆ లెక్కలోకే వస్తుంది.

ఆహారం కన్నా ఈ జబ్బుకు ఎక్కువ రుజువున్న శత్రువు పొగాకు. మీకు ఆ అలవాటు లేదనే అనుకుంటున్నాను. ఇంట్లో ఎవరైనా సిగరెట్టో, మన పల్లెల్లో పెద్దవాళ్ళు కాల్చే అడ్డచుట్టో కాలుస్తుంటే ఆ పొగ మీకు తగలకుండా చూసుకోండి. చిగుళ్ళ నుంచి రక్తం వస్తుంటే పళ్ళ డాక్టరును కలవడం కూడా ఈ చికిత్సలో భాగమే. మీ కడుపుబ్బరానికి వేరే కారణం ఉందేమోనని సీలియాక్ పరీక్ష చేయించాలని డాక్టరు అనుకుంటే, మీరు నాలుగు నెలలుగా గోధుమ ముట్టలేదని చెప్పండి. గోధుమ మానేసినప్పుడు ఆ పరీక్ష జబ్బు ఉన్నా లేనట్టు చూపించవచ్చు.

డాక్టరు తిడతారన్న భయం గురించి: మందు ఆపి తిరిగి వచ్చే రోగులను వాళ్ళు తరచూ చూస్తూనే ఉంటారు. లోపలికి వెళ్ళగానే, "మందు ఫలానా తేదీన ఆపాను, ఆదివారపు వికారం భరించలేక ఆపాను, ఈ పొడులు వాడాను, ఈ నొప్పి మాత్రలు వేసుకున్నాను" అని కాగితం మీద రాసి చేతిలో పెట్టండి. నోటితో చెప్పేటప్పుడు మిగిలిపోయే సంగతులే వైద్యానికి ముఖ్యమైనవి. ఆ తర్వాత కూడా ఆయన మీ మాట వినకపోతే డాక్టరును మార్చుకునే హక్కు మీకుంది. జబ్బుకు వైద్యం మానుకోవలసిన పని లేదు.

మీ వారికి ఈ సంగతి డాక్టరు దగ్గరికి వెళ్ళకముందే చెప్పండి, తర్వాత కాదు. రాత్రి షిఫ్టు నుంచి వచ్చి నిద్రకు తూలుతున్నప్పుడు కాకుండా, వారి సెలవు రోజు చూసుకుని చెప్పండి. మీరు దాచినది మందు ఒక్కటే కాదు, నొప్పి కూడా. వాచిన చేయి చూపించి మొదలుపెడితే కోపం కన్నా ముందు ఆదుర్దా వస్తుంది. అత్తగారి విషయంలో మీకు తేలికైన మార్గం ఉంది, ఎందుకంటే మీకు ఇప్పుడు కావలసిన వంటలు ఆవిడకు వచ్చినవే. ఉలవచారు, చోడి అంబలి, ఆకుకూర పప్పు, తక్కువ నూనెతో చేపల పులుసు మీరు వెళ్ళి ఆవిడనే అడిగి వండించుకోండి. ఆవిడ నొచ్చుకున్నది పత్యానికి కాదు, తన వంట పక్కన పెట్టినందుకు. అక్కగారితో వాదానికి దిగకండి. "నీకు తగ్గినందుకు సంతోషం, నాది వేరే జబ్బట" అంటే చాలు. ఆవిడ మీకు హాని చేయాలని చేర్పించలేదు.

ఇక మిగతా సొమ్ము. కట్టకండి. మందు ఆపమని వాళ్ళు పంపిన సందేశాలు ఫోనులో ఉంటే చెరపకుండా భద్రపరచండి. రసీదులు, పొట్లాల ఫొటోలు కూడా. కార్యక్రమం నుంచి తప్పుకుంటున్నట్టు, కట్టిన దానిలో వాడని భాగం వాపసు కోరుతున్నట్టు రాతపూర్వకంగా పంపండి. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915కు ఫోను చేస్తే ఫిర్యాదు నమోదు చేసుకుంటారు, తెలుగులో మాట్లాడవచ్చు. సొమ్ము తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. ఆ వ్యవహారం తేలేదాకా డాక్టరును కలవడం మాత్రం వాయిదా వేయకండి.